ఆటలో అరటిపండు కాకుండా: అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పిల్లల్ని కలుపుకోవడం ఎలా

సాయంత్రం ఐదున్నరకు మీ అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ జాగాలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే ఒక పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. బంతి గోడ దాటి పక్క ప్లాట్‌లో పడుతుంది. అందరూ ఒకేవైపు చూస్తారు. గేటు దగ్గరున్న ఒక పిల్లాడు ఎవరూ పిలవకముందే చెప్పుల్లేని కాళ్లతో పరుగెత్తి, ముళ్లకంపల్లో వెతికి బంతి తెచ్చిస్తాడు. ఇచ్చేసి మళ్లీ గేటు దగ్గరికే వెళ్లి నిలబడతాడు. వాడు వాచ్‌మన్ కొడుకు. రోజుకు పదిసార్లు బంతి తెచ్చే ఆ చేతికి బ్యాటు ఒక్కసారీ రాదు.

మన చిన్నప్పుడు మరీ బుడ్డోళ్లను ఆటలో అరటిపండుగా పెట్టుకునేవాళ్లం. ఆటలో ఉంటారు, లెక్కలోకి రారు. అది ముద్దుకొద్దీ చేసిన పని. రెండేళ్లు పెరగ్గానే వాళ్లకీ దొంగ పడేది. సెల్లార్‌లో పెరిగే పిల్లలకు ఆ రెండేళ్లు ఎప్పటికీ గడవవు.

హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా ఈ కుటుంబాలు కనిపిస్తాయి. పాలమూరు నుంచో, నల్లగొండ నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వస్తారు. బోరు మోటారు పక్కన ఒక గది ఇస్తారు. భర్త గేటు, మోటారు, చెత్త చూసుకుంటాడు. భార్య మెట్లు ఊడ్చి, పైన నాలుగైదు ఫ్లాట్లలో అంట్లు తోముతుంది. పిల్లలు మనతో ఒకే చిరునామాలో పెరుగుతారు, కానీ వాళ్ల పేర్లు మనలో సగంమందికి తెలియవు. నిజాంపేట వైపు ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో రెండేళ్లు సంఘం కార్యదర్శిగా పనిచేశాను. ఆ రెండేళ్లలో ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో, అడుగు వెనక అడుగుగా చెప్తాను. ఒక మాట ముందే చెప్పాలి. పాత బట్టలు, మిగిలిన బిర్యానీ ఇవ్వడం ఈ అడుగుల్లో లేదు. నా కూతురికి పొట్టయిన గౌను నేనూ ఇచ్చాను. మర్నాడు ఆ పాప అది తొడుక్కుని ఆటకొస్తే, నా కూతురే పదిమందిలో "అది నా ఫ్రాక్" అంది. ఆ పాప మళ్లీ వారం దాకా బయటికి రాలేదు.

మొదటి అడుగు: ఒక వారం చూడండి

ఏమీ మార్చకుండా, ఎవరికీ చెప్పకుండా ఒక వారం గమనించి నోట్‌బుక్‌లో రాసుకోండి. లిఫ్ట్‌లో ఎవరు ఎక్కుతున్నారు? సిబ్బంది మెట్లే ఎక్కాలన్న నియమం ఎక్కడైనా రాసి ఉందా, లేక ఎవరూ రాయకుండానే నడుస్తోందా? మీటింగ్‌లో కుర్చీలు ఎవరికి వేస్తున్నారు? పాల ప్యాకెట్‌కు, పెరుగుకు, కారు తుడవడానికి ఎవరిని పిలుస్తున్నారు? వాళ్ల కుటుంబానికి బాత్రూం ఎక్కడుంది, దానికి తలుపు గడియ ఉందా?

గ్లాసు సంగతి తప్పకుండా చూడండి. చాలా ఇళ్లలో వంటింటి కిటికీ గట్టు మీదో, బాల్కనీలో మొక్కల పక్కనో ఒక గ్లాసు విడిగా ఉంటుంది. పనిమనిషికి టీ అందులోనే పోస్తారు. సతారా బడిలో చదివిన రోజుల్లో అంబేడ్కర్ కుండ ముట్టుకోకూడదు. ప్యూను పైనుంచి పోస్తేనే నీళ్లు, ప్యూను రాని రోజు దాహమే. మన పల్లెల్లో హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి మీద దళిత సంఘాలు దశాబ్దాల పాటు పోరాడాయి. అదే గ్లాసు గ్రానైట్ గట్టు మీదికి వచ్చి కూర్చుంటే మనం శుభ్రత అని పేరు పెట్టుకున్నాం. మీ ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి. దానికి ఏ తీర్మానమూ అక్కర్లేదు.

పిలుపు కూడా రాసుకోండి. అరవై ఏళ్లాయన్ని పదేళ్ల పిల్లాడు "ఏయ్ వాచ్‌మన్, గేట్ తీయ్" అంటున్నాడంటే ఆ పిలుపు వాడికి ఇంట్లోనే వచ్చింది. పేరు తెలుసుకుని పేరు చివర అన్న అనో, అక్క అనో చేర్చండి, మీరు అనండి. పిల్లలకు విడిగా నేర్పక్కర్లేదు. మీ నోటి నుంచి విన్నదే అంటారు.

రెండో అడుగు: ఆ తల్లిదండ్రులను అడగండి

మంచి చేద్దామని తొందరపడేవాళ్లు ఎక్కువగా దాటేసే అడుగు ఇదే. నేనూ దాటేశాను. ఒక ఆదివారం వాచ్‌మన్ గారి పాపను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆడుకునే పిల్లల మధ్య నిలబెట్టాను. ఐదు నిమిషాల్లో తల్లి వచ్చి, నాకు సారీ చెప్పి, పాపను లాక్కుపోయింది. ఆ రాత్రి అడిగితే చెప్పింది: "పైకి పోవద్దని నేనే చెప్పిన మేడం. రేపు ఎవరిదన్న ఏమన్న పోతే మా పోరి మీదనే పడ్తది. గాడికెళ్లి మా పని పోతది, రూము పోతది."

ఈ రెండు మాటల్లో అసలు సంగతంతా ఉంది. మన పిల్లలకు ఆట ఆటే. వాళ్ల పిల్లలకు ఆటలో జరిగే చిన్న గొడవ కూడా ఇంటి మీదికి వస్తుంది. ఉద్యోగమూ, నెత్తి మీద కప్పూ ఒకే చోట, ఒకే మాట మీద నిలబడి ఉన్నవాళ్లు పిల్లల్ని దూరంగా ఉంచడం తమ రక్షణ కోసమే. ఆ భయానికి ఆధారం లేకుండా చేస్తే తప్ప మిగతా అడుగులు నిలవవు.

కాబట్టి మాట్లాడటానికి మీరే వాళ్ల గదికి వెళ్లండి. మీ హాల్లో వాళ్లను నిలబెట్టి అడిగితే మీకు కావలసిన జవాబే వస్తుంది. మధ్యాహ్నం పని తగ్గాక, చాప వేస్తే చాప మీద కూర్చోండి, టీ ఇస్తే తాగండి. పిల్లల పేర్లు, వయసు, ఏ తరగతి, సొంతూళ్లో ఎవరున్నారు, ఈ మధ్య బడి ఆగిందా అని అడగండి. పిల్లలు పైకి రావడం మీకిష్టమేనా అని సూటిగా అడగండి. జీతం పెంచుతామనో, పెద్ద బడిలో వేయిస్తామనో మీ చేతిలో లేని మాట ఇవ్వకండి. కులం అడగకండి. ధ్రువపత్రం పనిలో ఆ సంగతి వస్తే వాళ్లే చెప్తారు.

మూడో అడుగు: బడి కాగితాలు

ఆటకంటే ముందు బడి. బడికి వెళ్లని పిల్లలకు పగలంతా గేటు దగ్గరే గడుస్తుంది. అక్కడుంటే ఎవరో ఒకరు పని చెప్తూనే ఉంటారు. ఏడాది మధ్యలో ఊరు మారిన కుటుంబాల్లో చాలామంది "ఇప్పుడు చేర్చుకోరు, టీసీ లేదు, ఆధార్‌లో పేరు తప్పు" అని పిల్లల్ని ఆపేసి ఉంటారు. ఈ మూడూ అడ్డంకులు కావు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం (2009) 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. అందులో మీరు గుర్తుపెట్టుకోవలసినవి ఇవి.

వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించకూడదు. ప్రవేశాల గడువు దాటిందని కూడా నిరాకరించకూడదు. టీసీ రావడం ఆలస్యమైతే ఆ కారణంతో చేర్చుకోవడం ఆపకూడదు. మూడేళ్లు బడి మానేసిన పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టక్కర్లేదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆధార్ విషయంలో, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్‌లో ఇచ్చిన తీర్పులోనే ఉంది. అయినా ఆధార్ చేయించడం మంచిది, తర్వాత ప్రతి దరఖాస్తులో అడుగుతారు. ఐదేళ్లు నిండని పిల్లలకు వేలిముద్రలు లేకుండానే ఇస్తారు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి వేలిముద్రలు నమోదు చేయించాలి. తల్లి పేరు, పిల్లల పేరు అన్ని కాగితాల్లో ఒకే స్పెల్లింగ్‌తో ఉన్నాయా లేదా అని ఇప్పుడే సరిచూడండి. సగం తిప్పలు అక్కడే మొదలవుతాయి.

జనన ధ్రువపత్రం లేకపోతే మీసేవలో కనుక్కోండి. పుట్టి ఏడాది దాటాక నమోదుకు అధికారి ఉత్తర్వు కావాలి, కాస్త తిరగాలి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకైతే బడికీ, మిగతా చాలా పనులకూ పుట్టిన తేదీకి ఈ ఒక్క పత్రమే ఆధారం. కాబట్టి గదిలో పసిబిడ్డ ఉంటే దాన్ని వాయిదా వేయకండి. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు ఉచితం.

దగ్గర్లోని ప్రభుత్వ బడికి తల్లిదండ్రులతో కలిసి వెళ్లండి. వాళ్ల బదులు మీరు ఒక్కరే వెళ్లొద్దు. హెడ్‌మాస్టర్ ముందు తండ్రి కూర్చుని మాట్లాడటం, సంతకమో వేలిముద్రో తనే వేయడం ముఖ్యం, మీరు పక్కనుండండి చాలు. జూన్‌లో బడిబాట జరిగేటప్పుడైతే టీచర్లే పిల్లల కోసం వెతుక్కుంటూ వస్తారు, అప్పుడు గేటు దగ్గర వాళ్లను ఆపకుండా లోపలికి పంపేలా చూడండి. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది, కాబట్టి "ఇంగ్లీషు కావాలి" అని అప్పు చేసి ప్రైవేటు బడికి పంపే ముందు ఆ సంగతి చెప్పండి. నాలుగో తరగతి చదివే పిల్లలుంటే గురుకులాల్లో ఐదో తరగతి ప్రవేశ పరీక్ష ఉంటుంది, ప్రకటన ఎప్పుడొస్తుందో చూస్తూ ఉండండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ప్రైవేటు బడుల్లో బలహీన వర్గాలకు కేటాయించిన 25 శాతం సీట్లకు ఒకటో తరగతి దరఖాస్తులు ఆన్‌లైన్‌లో తీసుకునే సమయం కనిపెట్టుకుని ఉండాలి. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు అంగన్‌వాడీ ఉంది. అక్కడ గుడ్డు, భోజనం, టీకాల వివరం అన్నీ దొరుకుతాయి. రేషన్ కార్డు సొంతూళ్లో ఉంటే ఇక్కడి చౌకధరల దుకాణంలోనే బియ్యం తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. ఈ మాట తెలియక బియ్యం కోసం నెలనెలా ఊరికి వెళ్లొచ్చే కుటుంబం ఒకటి మా పక్క అపార్ట్‌మెంట్‌లోనే ఉండేది.

నాలుగో అడుగు: ఆట సామాను సంఘానిదిగా చేయండి

పిల్లలకు నీతులు చెప్పి కలపాలని చూస్తే కలవరు. నాలుగు నెలలు చెప్పి చూశాను. చివరికి అడ్డం ఎక్కడుందో ఒక ఆరేళ్ల పిల్లాడి నోటి నుంచి వచ్చింది: "బ్యాట్ నాది. నేను చెప్పినోళ్లే ఆడాలి." బ్యాటు ఎవరిదో ఆట వాళ్లది. సైకిలు, స్కేట్లు, రాకెట్లు అన్నీ అంతే. కొనలేని పిల్లలకు వాటి దగ్గర దక్కేది బంతి తెచ్చే పని.

అందుకని సంఘం డబ్బుతో రెండు బ్యాట్లు, ఒక డజను టెన్నిస్ బంతులు, స్కిప్పింగ్ తాళ్లు, క్యారమ్ బోర్డు, ఒక ఫుట్‌బాల్ కొన్నాం. మొత్తం మూడు వేలు దాటలేదు. తాళం లేని అల్మారాలో పెట్టాం. ఒక నోట్‌బుక్ పెట్టి, ఆడటానికి వచ్చినవాళ్లు పేరు రాసుకోవాలి, రాసిన వరుసలోనే బ్యాటింగ్ అన్నాం. పేరు రాయడం రాని చిన్నవాళ్లకు పెద్దవాళ్లు రాయాలి. బంతి గోడ దాటితే కొట్టినవాళ్లే తేవాలి. ఈ ఒక్క నియమం మిగతా అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది.

జట్లు కెప్టెన్లతో ఎంచుకోనివ్వకండి. అలా ఎంచితే చివరగా మిగిలేది ఎవరో అందరికీ ముందే తెలుసు. పంటలు వేయించండి. చేతులు పైకీ కిందికీ పడటంలో ఫ్లాట్ నంబర్ పనిచేయదు. సామాను అక్కర్లేని ఆటలు వారంలో రెండు రోజులు పెట్టండి: ఏడు పెంకులాట, ఖోఖో, కబడ్డీ, తొక్కుడు బిళ్ల. వీటిలో ఊరినుంచి వచ్చిన పిల్లలే గురువులు. మా దగ్గర ఏడు పెంకులాటకు పెంకులు ఏరి, నియమాలు నేర్పింది ఆ గౌను పాపే. ఆ నెలంతా ఆటకు ముందు అందరూ తన కోసం ఎదురుచూసేవారు.

భాష గురించి కూడా కనిపెట్టుకుని ఉండండి. ఫ్లాట్ల పిల్లలు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. ఎవరినీ బయటికి పొమ్మనక్కర్లేకుండానే పక్కనున్న పిల్లాడు బయటివాడైపోతాడు. ఆటలో తెలుగో, హిందీయో అని నియమం పెట్టాం, ఒడియా పిల్లలున్నప్పుడు హిందీ. అలాగే సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా సంఘం ఆఫీసు గదిలో అందరికీ హోంవర్క్ వేళ పెట్టాం. సెల్లార్ గదిలో ఒక్క బల్బు, పక్కన మోటారు మోత, మంచం మీదే పుస్తకాలు. బల్లా వెలుతురూ దొరికితే ఎంతో తేడా వస్తుంది. అది వాచ్‌మన్ పిల్లల ట్యూషన్ అని పేరు పడితే రెండో రోజే ఖాళీ అవుతుంది, అందుకే మా పిల్లల్నే ముందు కూర్చోబెట్టాం. తెలుగు చదవడం రాని మా పిల్లలు ఆ గదిలోనే తెలుగు హోంవర్క్‌కు వాళ్ల సాయం తీసుకున్నారు. వాచ్‌మన్ గారి పెద్దమ్మాయి ఆదివారాలు మా అత్తయ్యకు పేపర్ చదివి వినిపించేది, అత్తయ్య తనకు లెక్కలు చెప్పేది.

ఐదో అడుగు: మీ పిల్లలతో ఏం మాట్లాడాలి

"పాపం వాళ్లు పేదవాళ్లు, ఆడించుకోండి" అనకండి. ఆ మాట విన్న పిల్లలు మరుసటి రోజు ఆటలో "నువ్వు పేదోడివి కదా, అందుకే ఆడిస్తున్నాం" అంటారు, నేను చెవులారా విన్నాను. పిల్లల ముందు తల్లిదండ్రులు వాడే జాలి పిల్లల చేతిలో కొరడా అవుతుంది. అడగవలసిన ప్రశ్నలు మామూలువి: ఇవాళ ఎవరెవరు ఆడారు? ఎవరికి బ్యాటింగ్ రాలేదు? ఎందుకు రాలేదు? జవాబు విని ఊరుకోండి. రెండు వారాలు రోజూ అడిగితే మూడో వారం వాళ్లే గమనించి వచ్చి చెప్తారు.

పుట్టినరోజు అసలు పరీక్ష. పిల్లలందరినీ పిలిచి, సెల్లార్ పిల్లలకు మాత్రం కేకు ముక్క పేపర్ ప్లేట్‌లో పెట్టి కిందికి పంపడం మా అపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి మర్యాదగానే చెల్లింది. మా ఇంట్లోనూ అంతే. ఒక ఏడాది ఆ ప్లేటు పట్టుకుని వెళ్లింది నేనే. తలుపు తెరిచిన పాప కొత్త రిబ్బన్లు కట్టుకుని ఉంది. పిలుస్తారని సాయంత్రం నుంచి ఎదురుచూసిందని తర్వాత తెలిసింది. పిలిస్తే అందరినీ ఒకేలా పిలవండి, ఫోన్ లేని ఇంటికి మీరే కిందికి వెళ్లి తల్లికి చెప్పండి. "గిఫ్ట్ తేవద్దు" అన్న మాట అందరికీ పెట్టండి. లేకపోతే బహుమతి కొనలేని తల్లి కడుపునొప్పి అని చెప్పి పిల్లను ఆపేస్తుంది. కూర్చునే చోట, గేమ్స్‌లో, ఫొటోలో కూడా చూడండి. వచ్చిన తల్లిని గ్లాసులు కడగమని వంటింట్లోకి పంపకండి.

ఆరో అడుగు: పండుగల్లో పని, ఆట రెండూ పంచండి

వినాయక చవితికి మండపం వేసేది, వెదురు మోసేది, రాత్రి విగ్రహం దగ్గర పడుకునేది వాచ్‌మన్ కుటుంబం. పూజలో పీటల మీద కూర్చునేది ఫ్లాట్ల దంపతులు. అన్నదానం రోజు వాళ్లు వడ్డించి చివర్లో మిగిలింది తింటారు. రోజుకో కుటుంబం పూజకు కూర్చునే జాబితా రాస్తారు కదా, అందులో వాళ్ల పేరూ రాయండి, మిగతావాళ్ల లాగే, వాళ్లకిష్టమైతేనే. వడ్డనకు ఫ్లాట్ల వాళ్లు వంతులు వేసుకుని, ఒక బంతిలో వాళ్ల కుటుంబాన్నీ కూర్చోబెట్టండి. బతుకమ్మ నాడు మా ఆవరణలో స్పీకర్‌లో పాటలు మోగుతుంటే, చీపురు చేత పట్టుకుని దూరంగా నిలబడి పెదాలు కదుపుతున్న మనిషికి అన్ని పాటలూ నోటికి వచ్చు. మరుసటి ఏడాది స్పీకర్ ఆపి ఆమె పాడితే అందరం అందుకున్నాం. ఆ రోజు మెట్లు ఊడ్చే పని ఆమెకు పెట్టలేదు. పని దించకుండా పాట మాత్రం పాడించుకుంటే అది కూడా ఇంకో పనే.

ఏడో అడుగు: కాగితం మీద పెట్టండి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మీ మంచితనం మీద నడుస్తాయి. మీరు ఇల్లు మారితే ఆగిపోతాయి. ఆ తల్లి భయం తీరాలంటే జనరల్ బాడీ తీర్మానం కావాలి. మా దగ్గర ఆమోదం పొందినదాని పాఠం దాదాపు ఇది:

"ఈ ఆవరణలో నివసించే పిల్లలందరూ, అంటే యజమానుల, అద్దెదారుల, సిబ్బంది పిల్లలు, లిఫ్టు, టెర్రస్, ఆట స్థలం, హాలు ఒకే వేళల్లో ఒకే నియమాలతో వాడుకుంటారు. సిబ్బంది పిల్లలకు ఏ పనీ ఎవరూ చెప్పకూడదు. వస్తువు పోయిందన్న ఫిర్యాదు కార్యదర్శికి రాసి ఇవ్వాలి. కెమెరా రికార్డు చూడకముందు ఎవరి పేరూ ఎత్తకూడదు, ఎవరి గదీ వెతకకూడదు, ఏ పిల్లనూ తల్లిదండ్రులు లేకుండా ప్రశ్నించకూడదు. పిల్లల మధ్య గొడవ కారణంగా సిబ్బందిని పని నుంచి తీసేయకూడదు."

చివరి రెండు వాక్యాల కోసమే మిగతావి అనుకోండి. తీర్మానం పాసైన రాత్రి ఆ కాగితాన్ని వాళ్ల గదిలో చదివి వినిపించి, ఒక నకలు ఇచ్చాను. ఆ శనివారం పాపను తల్లే ఆటకు పంపింది.

మీటింగ్‌లో ఈ అంశాన్ని హఠాత్తుగా లేపకండి. ముందు నాలుగైదు ఇళ్లకు వెళ్లి మాట్లాడి, అద్దెకున్నవాళ్లను కూడా కలుపుకోండి. వాళ్లను కూడా ఓటు లేదని పక్కన పెడుతుంటారు కాబట్టి ఈ బాధ వాళ్లకు తొందరగా అర్థమవుతుంది. ఎజెండాలో రాతపూర్వకంగా, మొదటి మూడు అంశాల్లో పెట్టండి. చివర్లో పెడితే టీ రాగానే అందరూ లేచిపోతారు. వాచ్‌మన్ గారు గుమ్మంలో నిలబడి ఉండగా ఈ చర్చ చేయకండి.

వచ్చే అభ్యంతరాలు అన్నిచోట్లా ఇంచుమించు ఇవే. "మెయింటెనెన్స్ కట్టేది మేము" అంటారు. గది ఇచ్చింది జీతంలో భాగంగానే, ఆ పిల్లల చిరునామా కూడా ఇదే అని చెప్పండి. "మా పిల్లలు బూతులు నేర్చుకుంటారు" అంటారు. ఫోన్‌లోనూ, స్కూల్ బస్సులోనూ నేర్చుకుంటున్నవి ఏమిటో పిల్లల్నే అడగమనండి, బూతు ఎవరు మాట్లాడినా ఆ రోజు ఆట బంద్ అన్న నియమం అందరికీ పెట్టండి. "శుభ్రంగా ఉండరు" అన్నప్పుడు మాత్రం ఆగి, వాళ్ల నీళ్ల కుళాయి, బాత్రూం చూసి రమ్మనండి. మా దగ్గర నలుగురికి తలుపు సరిగా పడని ఒక మరుగుదొడ్డి ఉండేది. గీజర్ లేకపోయినా, సరైన తలుపు, కనీసం బకెట్లు నిండే ధారతో కుళాయి, ఒక లైటు పెట్టించాలని ఆ మీటింగ్‌లోనే తేలింది. ఎవరైనా కులం పేరెత్తితే మెత్తగా మాట్లాడక్కర్లేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, దాన్ని పాటించడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం, ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల నిరోధానికి 1989 చట్టం విడిగా ఉంది. ఈ మాటలు మినిట్స్‌లో రాయించండి.

ఎనిమిదో అడుగు: పరిస్థితి చెయ్యి దాటితే

పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబర్ నుంచి నిషేధం. 2016 సవరణ తర్వాత ఆ వయసు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చేయడానికి, బాలనటుల్లాంటి కళాకారులకు మాత్రమే షరతులతో మినహాయింపు ఉంది. తల్లికి జ్వరమొస్తే ఆమె బదులు కూతురిని అంట్లకు రమ్మనడం మన ఇళ్లలో మామూలుగా జరిగేదే. ఆ రోజు మీ అంట్లు మీరు తోముకోండి, ఆమె డబ్బు కోయకండి. ఎవరైనా పిల్లను కొట్టినా, గదిలో పెట్టి ప్రశ్నించినా, వేధించినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. వెంటనే ప్రమాదం అనిపిస్తే 112. చేసే ముందు తల్లిదండ్రులతో మాట్లాడి, తర్వాత వాళ్ల పని, గది నిలబడేలా సంఘంలో ఇద్దరైనా మాట ఇచ్చేలా చూసుకోండి. పిల్ల ప్రాణానికి, ఒంటికి ముప్పున్న చోట మాత్రం ఆగకండి.

చివరి అడుగు: వెళ్లేటప్పుడు, కొత్తవాళ్లు వచ్చేటప్పుడు

వాచ్‌మన్ కుటుంబాలు ఎక్కువకాలం ఒకచోట ఉండవు. మా దగ్గరి కుటుంబం మూడో ఏడు వేసవిలో ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి వెళ్లిపోయింది. వెళ్లే మాట తెలియగానే టీసీకి దరఖాస్తు పెట్టించండి. అడిగిన వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టమే చెప్తోంది. ఆధార్లు, జనన పత్రాలు, టీసీ, టీకాల కార్డు నకళ్లు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి తల్లి చేతికి ఇవ్వండి. బదులుగా ఆమె ఫోన్ నంబర్ తీసుకుని, జూన్ రెండో వారంలో ఒక్క ఫోన్ చేసి పిల్లలు బడిలో చేరారా అని కనుక్కోండి. మేము చేసినప్పుడు చిన్నపాప ఇంకా చేరలేదు. ఆ ఫోన్ తర్వాత తండ్రి మర్నాడే బడికి తీసుకెళ్లాడు.

కొత్త కుటుంబం సామాను దింపిన రోజు సాయంత్రమే కిందికి వెళ్లండి. పెద్దవాళ్లకు తీర్మానం నకలు ఇచ్చి చదివి వినిపించండి. పిల్లల పేర్లు అడగండి. తర్వాత మీరు తప్పుకుని మీ పిల్లల్ని పంపండి. మా దగ్గర ఈసారి వచ్చింది ఒడిశా కుటుంబం, ఇద్దరు మగపిల్లలు, తెలుగు ఒక్క ముక్క రాదు. నా కూతురు అల్మారాలోంచి నోట్‌బుక్ తీసుకెళ్లి, వాళ్ల పేర్లు మూడుసార్లు చెప్పించుకుని, తప్పులతోనే తెలుగులో రాసింది. ఆ రోజు బ్యాటింగ్ వరుసలో చిన్నవాడి నంబరు నాలుగు.